ఈ సంక్రాంతికి మా పిల్లల దగ్గర కూడా ఏదైనా పుచ్చుకోండి

విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో చదువుకుని హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో స్థిరపడి, ఏటా సంక్రాంతికి వచ్చి బడిపిల్లలకు సాయం చేస్తున్న పూర్వ విద్యార్థుల సంఘాల వారికి,

నమస్కారం.

చీపురుపల్లి వైపు ఒక పల్లెలో పుట్టి, 28 ఏళ్లుగా ఇదే జిల్లాలో ప్రభుత్వ బడుల్లో పాఠాలు చెబుతున్న టీచర్ని నేను. మీలో కొందరు నాకు అన్నల వరస, కొందరు తమ్ముళ్లు, చెల్లెళ్ల వరస. నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఎక్కడెక్కడో ఉండి కూడా ఊరిని మర్చిపోకుండా, మీ కష్టార్జితంలోంచి తీసి మా పిల్లలకు ఇస్తున్నారు. మీ మనసు మంచిదని నాకు తెలుసు. తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన సంక్రాంతి ముందు ఒక సంఘం వారు మా బడికొచ్చారు. బ్యాగులు, నోటు పుస్తకాలు, దుప్పట్లు తెచ్చారు. "మరీ లేనివాళ్ల పిల్లల్ని ఓ ఇరవై మందిని విడిగా నిలబెట్టండి మేడమ్" అన్నారు. నిలబెట్టాను. పేర్లు చదివి వరసలోకి పిలిచింది నేనే. ఆ తప్పు నాది, దాన్ని ఇంకొకరి మీదికి నెట్టను.

వరసలో ఆరో తరగతి పిల్ల ఒకతె ఉంది. బ్యాగు పుచ్చుకుని వెళ్లిపోతుంటే, దాని మీద అచ్చేసిన పేరు ఫోటోలో పడలేదని వెనక్కి పిలిచారు. మళ్లీ వచ్చి నిలబడింది. బ్యాగుని గుండెల దగ్గర ఎత్తి పట్టుకోమంటే పట్టుకుంది. నవ్వమంటే నవ్వింది. దాని కుడికాలి చెప్పుకి బద్దె తెగితే పిన్నీసు పెట్టుకుంది. అది కనపడకుండా ఎడమ పాదం తీసి దాని మీద వేసుకుని, ఒంటికాలి మీద ఊగుతూ, ఫోటో అయ్యేదాకా అలాగే నిలబడింది. పక్కనే ఉన్న నేను అది చూసి కూడా ఏమీ అనలేకపోయాను.

సాయంత్రానికల్లా ఆ ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. "నిరుపేద విద్యార్థినికి చేయూత" అని కింద రాసి ఉంది. మర్నాడు పొద్దున్నే తల్లి బడికొచ్చింది. ఉపాధి పనికి వెళ్లే మనిషి, ఆ పూట మానుకుని వచ్చింది. బ్యాగు నా బల్ల మీద పెట్టి అంది: "మేమేటి అడుక్కున్నామేటి మేడమ్? ఆల అయ్య చెన్నైలో సెంట్రింగు పనిసేసి నెలనెలా డబ్బులంపుతన్నాడు. రాత్రి ఆడి ఫోన్లోకీ వచ్చిందట ఈ బొమ్మ. ఏటే, నానంపింది సాలక గుంటని వరసలో నిలబెట్టీసినావా అని ఏడిసాడు."

చెన్నైలో పగలంతా ఎండలో పనిచేసి, రాత్రి రేకుల షెడ్డులో ఫోను తెరిచి, తన కూతురు నిరుపేద అని ఇంకొకళ్లు రాస్తే చదువుకున్న తండ్రి. ఏడాదైనా ఆ మనిషి నా కళ్లముందు నుంచి పోవడం లేదు. ఈ ఉత్తరానికి కారణం ఆయనే.

ఇప్పుడు మా ఇంటి సంగతి కొంచెం చెబుతాను. మీలో చాలామంది ఇళ్లలోనూ ఇదే జరిగి ఉంటుంది.

1979 జూన్‌లో విజయనగరం జిల్లా ఏర్పడింది. అప్పటిదాకా మాది శ్రీకాకుళం జిల్లా. ఆ ఏడే నన్ను ఒకటో తరగతిలో వేశారు. అమ్మ, అయ్య, మామ్మ, నలుగురు పిల్లలం. ఎకరం లోపు గరువు భూమి, దానికి తోడు కౌలుకి తీసుకున్న ముక్క. పొద్దున చోడి (రాగి) అంబలి, లేదంటే తరవాణిలో, అంటే పులిసిన గంజినీళ్లలో, చద్దన్నం, ఒక ఉల్లిపాయ. మధ్యాహ్నం నూకలన్నం. పండక్కి తప్ప వరన్నం వండిన గుర్తు లేదు. నాకు గుర్తున్నంతలో ఆ అంబలి తాగుతూ నేను ఏడవలేదు. తరవాణి కుండ దగ్గర మామ్మ కూర్చుని, ఎవరి గిన్నెలో ఎంత పోయాలో పోసేది. కుండ అడుగుకొచ్చినప్పుడు తన గిన్నెలో నీళ్లు ఎక్కువ పడేవని చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

గోగు గురించి చెప్పకపోతే మా ఇంటి గురించి చెప్పినట్టు కాదు. నెల్లిమర్ల, విజయనగరం జూట్ మిల్లులు గట్టిగా ఆడుతున్న రోజులవి. మెట్టల్లో ఎక్కడ చూసినా గోగే. కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరేసి, పైకి తేలకుండా మట్టి, రాళ్లు పెట్టేవారు. రెండు మూడు వారాలకు బెరడు కుళ్లి నార విడివడేది. ఆ వాసన ఊరు దాటి వచ్చేది. ఆడవాళ్లు మొలలోతు నీళ్లలో దిగి, పొద్దుట నుంచి పొద్దు వాలేదాకా నార తీసేవారు. తీసేసిన తెల్లటి పుల్లల్ని గట్టు మీదకి మోసుకొచ్చి ఎండబెట్టడం మా పిల్లల పని. ఏడాదంతా పొయ్యిలోకి అవే. ఆ రోజుల్లో అమ్మ చేతులు నాని, వేళ్ల కొసలు ముడతలు పడి తెల్లగా పాలిపోయి ఉండేవి. ఎన్నిసార్లు బూడిదతో తోముకున్నా వాసన పోయేది కాదు. ఆ చేతుల్తోనే అన్నం కలిపి నలుగురికీ ముద్దలు పెట్టేది. ఇప్పటికీ ఎక్కడైనా ఊరిన నార వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది.

మేం బీదవాళ్లమని నాకు తెలిసింది ఎనిమిదో తరగతిలో. స్కాలర్‌షిప్ కాగితం మీద అయ్య ఆదాయం ఎంతో రాయమన్నారు. ఆయన చెప్పిన అంకె రాసి, పక్క పిల్ల కాగితం చూసి, మళ్లీ నాది చూసుకున్నాను. అన్నాళ్లూ ఎందుకు తెలియలేదు? అంబలి, తరవాణి, చిరుగుల గౌను అన్నీ కళ్లముందే ఉన్నాయి కదా. దీని గురించి నేను చాలా ఏళ్లు ఆలోచించాను. నాకు దొరికిన జవాబు ఒక్కటే. మా ఇంట్లో పుచ్చుకున్న రోజుల కంటే ఇచ్చిన రోజులే ఎక్కువ.

మా ఊరి అమ్మోరి పండక్కి ఇంటింటికీ వసూలు ఉండేది. భూములున్నవాళ్లు కుంచాల లెక్కన బియ్యం కొలిచేవారు. మేం సోలెడు ఇచ్చేవాళ్లం. సోలెడంటే ఎంత చిన్న కొలతో మీకు తెలుసు, అందులో కూడా నూకలు కలిసేవి. ఒక పెద్దాయన చేతిలో బారుపాటి ఖాతా పుస్తకం పట్టుకుని మా గుమ్మంలో నిలబడి, అయ్య పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా పలికి, రాసుకునేవాడు. ఆ పుస్తకం నేను తొంగి చూశాను. కుంచమిచ్చినవాళ్ల పేరూ, సోలెడు ఇచ్చినవాళ్ల పేరూ ఒకే సిరాతో, ఒకే అంత అక్షరాలతో వరసగా ఉన్నాయి. ఘటాలు ఊరేగుతూ మా వీధిలోకి వచ్చినప్పుడు, అందులో మా బియ్యం ఉన్నాయని నేను గట్టిగా నమ్మాను. ఆ రోజు నా గౌను చిరుగుని ఎవరు చూశారో, ఎవరు చూడలేదో నాకు పట్టలేదు.

మా ఊరంతా బంగారమని చెప్పడం లేదు. ఏ వీధివాళ్లు ఏ బావిలో తోడుకోవాలో కట్టుబాటు ఉండేది. ఆ పుస్తకంలోకి రాని పేర్లూ ఉండేవి. అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. పుస్తకంలో పేరుంటే మనిషి ఎలా నిలబడతాడో మా ఇంట్లో చూశాను కాబట్టే, పేరు లేని ఇంట్లో ఆ పండగ ఎలా గడిచిందోనని ఇప్పుడు బాధపడుతున్నాను.

విజయనగరం సిరిమాను పండక్కి నా తొమ్మిదో ఏట వెళ్లాం. విజయదశమి దాటాక వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమాను. ముందురోజు తొలేళ్లు. ప్యాసింజరు రైలెక్కి, దిగి, జనంలో అయ్య మెడ మీద తమ్ముడు, అమ్మ కొంగు పట్టుకుని నేను, అన్న, చెల్లి. పైడితల్లి కథ మామ్మ దారంతా చెప్పింది. ఆవిడ విజయనగరం రాజుగారి తోబుట్టువు. బొబ్బిలి యుద్ధంలో రాజుగారు పోయారని తెలిసి ప్రాణం విడిచి, పెద్దచెరువులో వెలిసింది. మామ్మకి ఆవిడ దేవత కంటే ముందు ఆడపడుచు. పుట్టింటి దుఃఖం మోసినావిడ కాబట్టి మన దుఃఖం ఆవిడకి చెప్పక్కర్లేదనేది.

50 అడుగులకు పైనుండే చింతమాను. దాని కొసన పూజారి కూర్చుంటాడు. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. జనం పూజారి మీదకి అరటిపళ్లు విసురుతారు. అయ్య అర డజను పళ్లు కొని మా నలుగురికీ తలొకటి ఇచ్చాడు. ఎదురుచూసి ఎదురుచూసి మధ్యాహ్నం దాటిపోయింది. సిరిమాను రానేలేదు. తమ్ముడు, ఆరేళ్లవాడు, తన పండు తినేశాడు. సిరిమాను దగ్గరకొచ్చాక, అందరూ విసురుతుంటే వాడు ఖాళీ చేతులు చూసుకుని భయంతో ఏడుపు లంకించుకున్నాడు. అమ్మోరు కళ్లు తీసేస్తుందని అన్న అప్పటికే బెదిరించాడు. మామ్మ వాడిని ఒళ్లోకి లాక్కుని అంది: "అమ్మోరి మీదకేసినా, నీ కడుపులో ఏసినా ఒకటేరా. ఆ తల్లికి ఆకలేసిన పిల్లడు కనపడ్డేటి?" అయ్య దగ్గర మిగిలిన రెండు పళ్లలో ఒకటి వాడి చేతికిచ్చి మెడ మీదకి ఎత్తాడు. వాడు విసిరాడు. అది సగం దూరం కూడా పోలేదు. ఎవరి తలకో తగిలింది. ఆ మనిషి వెనక్కి తిరిగి నవ్వాడు.

నాకు తెలిసిన భక్తి అదే. లేనివాడు కూడా ఒక పండు విసిరే చోటు ఉండాలి. చేతిలో పండు లేకపోతే ఇంకొకళ్లు పెట్టాలి. ఎవరు పెట్టారో సిరిమాను మీదున్న పూజారికి తెలియనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట. ఇదంతా చదివి, "పాత రోజుల్లో లేమిలోనే సుఖం ఉండేది" అని మీ సభల్లో దయచేసి చెప్పకండి. సిరిమాను చూసొచ్చిన రెండేళ్లకి, వానల్లో, మా చెల్లికి జ్వరం వచ్చింది. ఊరికీ రోడ్డుకీ మధ్య గెడ్డ (వాగు) పొంగింది. రెండు రోజులు ఇవతలే ఉండిపోయాం. చెల్లి దక్కలేదు. మామ్మ ఏడ్చి ఏడ్చి, "అమ్మోరు తీసుకుపోయింది" అంది. అమ్మా ఆ మాటే పట్టుకుని బతికింది. అయ్య మాత్రం జ్వరాన్ని అమ్మోరి లెక్కలో వేశాడు కానీ, గెడ్డ మీద కల్వర్టు లేకపోవడాన్ని వెయ్యలేదు. నాలుగేళ్లు తిరిగాడు, అర్జీలు రాయించాడు. వేలిముద్ర వేసిన ప్రతిసారీ బొటనవేలు పంచెకి తుడుచుకునేవాడు. ఆ పంచె మీద నీలం మరకలు ఉతికినా పోయేవి కావు. కల్వర్టు వచ్చింది. ఇప్పటికీ ఉంది.

నార అమ్మకానికి తీసుకెళ్లినప్పుడూ అంతే. తేమ ఉందని షావుకారు తూకంలో కోసేవాడు. పక్కవాళ్లు ఊరుకునేవారు. ఒకసారి అయ్య మోపులు మళ్లీ బండిలో వేసుకుని ఇంటికి తెచ్చేశాడు. ఆ రాత్రి అందరికీ అంబలే. "వాన పడకపోతే ఎవుర్నడుగుతాం, ఓర్సుకోవాల. తూకం తగ్గితే ఓర్సుకోడమేటి?" అన్నాడు. మా ఇంట్లో ఓర్పంటే అది. ఉన్నదాంతో నవ్వుతూ ఉండడం వాళ్లకి వచ్చు. మాట పడి ఊరుకోవడం రాదు. బ్యాగు తెచ్చి నా బల్ల మీద పెట్టిన ఆ తల్లిలో నేను మా అయ్యనే చూశాను.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని ఊడ్చేసింది. కొబ్బరి, జీడితోటలు వేళ్లతో సహా పడిపోయాయి. మా టీచర్లం కొందరం బియ్యం, నీళ్ల డబ్బాలు పట్టుకుని వెళ్లాం. ఒక ఇంటి ముందు, పడిపోయిన కొబ్బరిచెట్ల మధ్య, ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. మేం బియ్యం దింపుతుంటే లేచి, మనవడిని కేకేసి, పడిన చెట్టు నుంచి బొండాలు కొట్టించింది. మాకు తలొకటి. వద్దన్నాం, మొహమాటపడ్డాం. "తాగండమ్మా, ఇంక ఈటిల్లో కాయలు కాయవు, కడాకరి కాపిది" అంది. తాగాకే బియ్యం లోపల పెట్టించుకుంది. మా దగ్గర ఫోన్లున్నాయి. ఎవరం తియ్యలేదు. ఆవిడ పెట్టింది తాగుతున్నవాళ్లం, ఇంక ఏమని తీస్తాం?

ఇప్పుడు మా బడుల్లో మధ్యాహ్న భోజనానికి పెట్టిన పేరు డొక్కా సీతమ్మ గారిది. కోనసీమ లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాళ్లకి కూడా అన్నం పెట్టి, 1909లో కన్నుమూసిన మహాతల్లి. బ్రిటిషు చక్రవర్తి ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ఆవిడ చిత్రపటం కావాలని అడిగితే, పేరు కోసం పెట్టడం లేదని ఆవిడ ఫోటోకి ఒప్పుకోలేదనీ, అధికారి తన ఉద్యోగం పోతుందని బతిమాలితేనే కూర్చుందనీ చెబుతారు. అన్నం పెట్టినావిడే ఫోటో వద్దంది. తిన్నవాళ్లకి ఫోటో తీయాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ వచ్చి ఉండదు.

అందుకని నా మనవి. పిల్లల మొహాలతో ఫోటోలు వద్దు. మీ చందాదారులకు లెక్క చూపించాలంటే రసీదులు చూపించండి, మా హెడ్మాస్టరు సంతకం పెట్టిస్తాం. ఇచ్చేదేదైనా తరగతిలో అందరికీ ఇవ్వండి. అందరికీ సరిపోకపోతే బడికి ఇవ్వండి, మేం ఎవరికి ఏం కావాలో చూసి, చప్పుడు లేకుండా ఇంటికి చేరుస్తాం. మైకు ముందుకి పిలిచి "మీ ఇంట్లో పరిస్థితి చెప్పు పాపా" అని అడగకండి.

పుస్తకాలు, బ్యాగు, బూట్లు ఇప్పుడు ప్రభుత్వమే ఇస్తోంది. మా పిల్లలకు నిజంగా లేనివి వేరే. తల్లీతండ్రీ ఇద్దరూ వలసపోయి, అవ్వ దగ్గర మిగిలిన పిల్లలు మా బడిలో చాలామంది ఉన్నారు. సాయంత్రం బడి వదిలాక వాళ్లు కూర్చుని చదువుకోవడానికి ఒక దీపమున్న గది, చదవడానికి కథల పుస్తకాలు, లెక్క తప్పితే చెప్పడానికి ఒక పెద్ద మనిషి కావాలి. మీలో ఎవరైనా వారానికో గంట ఫోనులో పాఠం చెప్పినా చాలు. ఇది బ్యాగు కంటే కష్టమని తెలుసు. అయినా అడుగుతున్నాను, మీరు మా వాళ్లు కాబట్టి.

ఇంకొక్కటి. అన్నిటికంటే నాకు ముఖ్యమైంది ఇదే. మీరు వచ్చినప్పుడు మా దగ్గర ఏదో ఒకటి పుచ్చుకోండి. ఆ ఊరివాళ్లు వండింది వాళ్ల పక్కన కూర్చుని తినండి. పిల్లల చేత బడి ఆవరణలో మీ పేరు మీద ఒక మొక్క నాటించుకోండి. మీరు మర్చిపోయిన జానపదం ఏదైనా వాళ్ల దగ్గర నేర్చుకోండి. గోడ మీద దాతల పేర్లు రాయించాలనుకుంటే, లక్ష ఇచ్చినవారి కిందనే, బడి తోటకి రెండు రోజులు మట్టి మోసిన తండ్రి పేరు కూడా, ఇంటిపేరుతో సహా, అంతే అక్షరాలతో రాయించండి.

పండక్కి రెండు రోజుల ముందు మళ్లీ వస్తామని ఆ సంఘం వారు కబురంపారు. చెన్నైలో పనిచేసే ఆ తండ్రి కూడా అప్పటికి ఇంటికొస్తాడు. నేను వాళ్లింటికి వెళ్లి, చేసిన తప్పుకి క్షమించమని అడిగాను. ఆ తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మీరు ఎంతమంది వస్తారని అడిగింది. చోడి అంబలి, ఉల్లిపాయ, ఊరమిరపకాయలు తనే పెడతానంది. బడికి కాదు, వాళ్లింటి అరుగు మీదకే రమ్మంది. ఎందరొస్తారో ఒకరోజు ముందు నాకు చెప్పండి. పిండి రాత్రే కలిపి పులవబెట్టుకోవాలట.

ఇట్లు,
మీ ప్రాంతపు ఒక ఉపాధ్యాయిని,
విజయనగరం జిల్లా